పేరు పక్కన రెండు

నా రెజ్యూమేలో ఇప్పటికీ ఒక వాక్యం ఉంది. జావాలో సార్టెడ్ నెస్టెడ్ లింక్డ్ లిస్ట్‌ను సొంతంగా కట్టి, దాన్ని ఒక నిజమైన సమస్యకు వాడానని. ఉద్యోగం మారిన ప్రతిసారీ ఆ వాక్యం తీసేద్దామనుకుంటాను, తీయను. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు దాని మీద వేలు పెట్టి, బోర్డు మీద గీసి చూపించమంటారు. గీస్తాను. మెచ్చుకుంటారు. ఆ నిజమైన సమస్య ఎవరిది, ఏమైంది అని ఒక్కరూ అడగలేదు. అడగనందుకు వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుంది. అడిగితే ఏం చెప్పేదాన్నో అది వేరే సంగతి.

మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఒక లైను. లైను అంటే వరసగా కట్టిన గని కార్మికుల ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికి వచ్చాడు. నాన్న అదే గనిలో దిగాడు. గని మూతపడింది, కొన్నేళ్ళకు నాన్న పోయాడు, అమ్మా నేనూ ఆ ఇంట్లోనే ఉండిపోయాం. కాగితం మీద మాత్రం ఆ ఇల్లు మాది కాదు, గని కంపెనీది. లైన్లలో ఎవరి ఇల్లూ వాళ్ళది కాదు.

మా ఎదురింట్లో రెండప్ప ఉండేవాడు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. గనిలో ఒకే పేరు ఉన్నవాళ్ళు లెక్కలేనంత మంది. ఒకే పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, ఒకే దేవుళ్ళకు మొక్కి పెట్టుకున్న పేర్లు. ఇంటిపేరు రాసే అలవాటు ఇక్కడ లేదు, తండ్రి పేరులో మొదటి అక్షరం ముందు రాస్తారు, అంతే. ఆ అక్షరం కూడా కలిసిపోతే గని గుమాస్తా పేరు పక్కన అంకె వేసేవాడు. అలాంటివాళ్ళు ఒకే లైన్లో పడింది మా దగ్గర మాత్రమే. మా లైన్లో చివరింటాయనకూ, మా ఎదురింటాయనకూ పేరూ ఒకటే, అక్షరమూ ఒకటే. చివరింటాయన ముందు పనిలో చేరాడు కాబట్టి పేరు ఆయనకు దక్కింది. మా ఎదురింటాయనకు అంకె మిగిలింది. షిఫ్టులో వాళ్ళు ఆయన్ని ‘రెండు’ అన్నారు, ఆయన భార్య బతికున్నన్నాళ్ళూ ‘మా రెండు’ అనే చెప్పుకుంది, పిల్లలం రెండప్పా అన్నాం. నాకు ఇరవై ఏళ్ళు దాటేదాకా ఆయన అసలు పేరు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

నేను బెంగళూరులో ఎంసీఏ చేరినప్పుడు రోజూ మారికుప్పంలో రైలెక్కాలి. రైలు అక్కడే బయల్దేరుతుంది కనుక ముందు వెళ్ళినవాడికి సీటు దొరుకుతుంది. మూడేళ్ళ పాటు రెండప్ప నాకంటే ముందే సైకిల్ మీద స్టేషన్‌కు పోయి, కిటికీలోంచి తన తువ్వాలు ఒక సీటు మీద వేసి ఉంచేవాడు. నేను వెళ్ళి కూర్చున్నాక తువ్వాలు దులిపి భుజాన వేసుకొని ఇంటికి పోయేవాడు. ఎందుకప్పా నీకీ తిప్పలు అంటే, “ఇంట్లో కూసోని దగ్గేదానికంటే ఇదే మేలు గదమ్మా. నువ్వు సదువుకోవాల, నిలబడుకోని యాడ సదువుతావు?” అనేవాడు. రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. కిటికీ దగ్గర ఆయన దగ్గు విని పక్క సీటువాళ్ళు ముఖం తిప్పుకుంటే నేనూ కాస్త ఎడంగా జరిగేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

చివరి ఏడాది ప్రాజెక్టు వచ్చింది. అదే సమయానికి లైన్లలో ఉంటున్నవాళ్ళకు ఇంటి పత్రాలు ఇస్తారన్న మాట గట్టిగా వినిపించింది. మా లైన్ల సంఘం ఎవరు ఏ ఇంట్లో ఉంటున్నారో జాబితా తయారు చేసి, పత్రాలు ఇచ్చే ఆఫీసుకు ఇవ్వాలి. రెండు జట్లు ఇల్లిల్లూ తిరిగి రెండు నోటుపుస్తకాల నిండా రాసుకొచ్చాయి. కొన్ని ఇళ్ళకు రెండు జట్లూ వెళ్ళాయి, కొన్నిటికి ఒకటే వెళ్ళింది, అంతా కలగాపులగం. దీన్ని కంప్యూటర్లో పెట్టి వరసలో తీసివ్వగలవా అని సంఘం పెద్ద నన్ను అడిగాడు. నేను ఎగిరి గంతేశాను. ఊరి పని, కాలేజీ పని ఒకే దెబ్బకు అయిపోతాయి.

కాలేజీలో నా గైడ్ ఒక షరతు పెట్టాడు. డేటాబేస్ వాడకూడదు, జావాలో సిద్ధంగా ఉన్న లిస్టులూ వాడకూడదు. డేటా స్ట్రక్చర్ నువ్వే కట్టాలి. సరే అని కట్టాను. పైన ఒక గొలుసు, దానిలో ఒక్కో కడియం ఒక్కో లైను. ప్రతి లైను కడియానికి లోపల మరో గొలుసు, అందులో ఆ లైన్లో ఉండే మనుషులు. పై గొలుసు లైన్ల పేర్ల వరసలో, లోపలి గొలుసు మనుషుల పేర్ల వరసలో ఉండాలి. తర్వాత వరస పెట్టుకుందాంలే అని పడేయడానికి లేదు, కొత్త పేరు వచ్చినప్పుడే దాని చోటు వెతికి అక్కడ కూర్చోబెట్టాలి. ఒక కడియం పక్కదాన్ని పట్టుకొని ఉంటుంది, చివరిదాని చేతిలో ఏమీ ఉండదు. మొదట్లో కొత్త పేరు ఇరికించబోయి వెనకున్న గొలుసంతా పారేసుకున్నాను. రైల్లోనే ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని, రెండప్ప పట్టిన సీట్లో కూర్చొని, వారం రోజుల్లో సరిచేశాను.

పేర్లు ఎక్కించడం మొదలుపెట్టి గైడ్‌కు చూపించిన రోజు నాకు బాగా గుర్తుంది. నోటుపుస్తకంలో కొన్ని పేర్ల పక్కన సున్నా చుట్టిన అంకెలున్నాయి. రెండు, మూడు, ఒకచోట ఐదు కూడా. వాటిని ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాను. గైడ్ స్క్రీన్ వైపు చూసి నవ్వాడు. మనుషుల పేర్లలో అంకెలేమిటి, ఇది ఊరా, జైలా అన్నాడు. పక్క టేబుల్ దగ్గరున్న మా క్లాసువాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళలో ఒకమ్మాయి, మీ నాన్న నంబరెంత అని అడిగింది. మా గనిలో ఇలా పిలుస్తారు, మా ఎదురింటాయన పేరే రెండు అని చెబితే సరిపోయేది. చెప్పలేదు. “ఎంట్రీలో తప్పు పడింది సార్, క్లీన్ చేస్తాను” అన్నాను.

క్లీన్ చేశాను. పేరులో అక్షరాలు, చుక్కలు, ఖాళీలు తప్ప ఏమున్నా తీసెయ్యమని ఒక్క వాక్యం రాశాను. ఒక్క దెబ్బకు అంకెలన్నీ ఎగిరిపోయాయి. జాబితా ముచ్చటగా తయారైంది, బెంగళూరులో ఏ ఆఫీసు గోడకైనా అంటించవచ్చు అన్నట్టు.

ఇంక రెండో సంగతి. కొత్త పేరు చోటు వెతికేటప్పుడు ఉన్న పేరుతో పోల్చాలి. కొత్తది ముందొస్తే ఇక్కడే కూర్చో, వెనకొస్తే ముందుకు పో. రెండూ సమానమైతే? రెండు నోటుపుస్తకాల్లోనూ ఉన్న మనిషి ఒక్కసారే రావాలి కదా. అందుకని, సమానమైతే ‘ఇప్పటికే ఉంది’ అని చూపించి వెనక్కి వచ్చెయ్ అని రాశాను. ఇంటి నంబరు కూడా పోల్చవచ్చు. కానీ ఇళ్ళకు పాత నంబరొకటి, కొత్త నంబరొకటి ఉండేవి, ఒక జట్టు పాతది రాస్తే ఇంకో జట్టు కొత్తది రాసింది. పేరు, లైను సరిపోతే అదే మనిషి అని తేల్చేశాను. తేల్చడం నాకు ఎప్పుడూ సులువే.

మా లైను పేర్లు ఎక్కిస్తున్నప్పుడు స్క్రీన్ మీద ఒక పేరు వచ్చి, దాని పక్కన ‘ఇప్పటికే ఉంది’ అని పడింది. ఆ పేరు చూశాను. చివరింటాయన కదా, రెండు జట్లూ వాళ్ళింటికి పోయినట్టున్నాయి అనుకొని తర్వాతి పేరు కొట్టాను. మా ఎదురింటాయనకూ అదే పేరని నాకు ఒక్క క్షణమైనా తోచలేదు. నాకు ఆయన రెండప్ప. ఆ అంకె తప్ప నాకు ఆయన పేరు లేదు, ఆ అంకెను నేనే తీసి పారేశాను.

ఇంతటితో అయిపోలేదు. వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు అదే పేరును ఎంచుకొని మళ్ళీ ఎక్కించి చూపించాను. చూడండి సార్, ఈ మనిషి రెండు పుస్తకాల్లోనూ ఉన్నాడు, చేత్తో రాస్తే ఆయనకు రెండు ఇళ్ళు వచ్చేవి, నా లిస్ట్ పట్టుకుంది అన్నాను. ఆయన తల ఊపి, మంచి ఉదాహరణ అన్నాడు. ఆ మాట విని ఇంటికి మైసూర్ పాక్ పొట్లం కట్టించుకొని వచ్చాను. అందులో సగం ఎదురింటికి ఇచ్చాను.

జాబితాను సంఘం గోడకు అంటించారు. గోడ మీద కాగితంలో లైను, పేరు మాత్రమే. ఇంటి నంబర్లు కూడా ఉన్న కాపీ ఆఫీసుకు పోయింది. రెండప్ప కళ్ళకు అక్షరాలు ఆనడం లేదని నన్ను వెంటబెట్టుకొని పోయాడు.

“నా పేరు యాడ ఉండాదో చూపియమ్మా,” అన్నాడు.

“ఏం పేరప్పా నీది?” అని అడిగాను. అదే మొదటిసారి అడగడం. ఆయన చెప్పాడు. మా లైను కింద ఆ పేరు కనిపించింది, ఆ సంబరంలో చివరింటాయన గుర్తుకు రాలేదు. వేలు పెట్టి చూపించాను. “ఇదో, ఉండాది చూడు.”

ఆయన నా వేలు పక్కన తన వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివాడు. “ఉండాది. ఇంగ బాధ లేదు,” అన్నాడు. మరుసటి రోజు చివరింటాయన వచ్చి అదే కాగితం మీద అదే పేరు చూసుకొని ఆయనా సంతోషంగా పోయాడట. ఒకే పేరు ఇద్దరినీ నమ్మించింది. పేరు లేకపోయి ఉంటే ఆ రోజే గోల జరిగేది, సరిచేసుకునేవాళ్ళం.

పత్రాలు పంచిన రోజు సంఘం ముందు షామియానా వేశారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పారు, మన లైను బిడ్డ కంప్యూటర్‌తో చేసిన పని అని సంఘం పెద్ద మైకులో చెప్పాడు. తర్వాత ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మా లైను వచ్చింది. ఆ పేరు పిలిచాడు. ఇద్దరు లేచారు.

చివరింటాయన ఒక మూల నుంచి, రెండప్ప ఇంకో మూల నుంచి. జనం నవ్వారు, లైన్లో అందరికీ తెలిసిన తమాషాయే కదా. గుమాస్తా కాగితంలో ఇంటి నంబరు చదివాడు. అది చివరింటిది. రెండప్ప కూడా నవ్వి, “మనది తర్వాత వస్తాదిలే,” అని కూర్చున్నాడు. నేను నవ్వలేదు. ‘ఇప్పటికే ఉంది’ అన్న అక్షరాలు నా కళ్ళ ముందు కనిపించాయి. లేచి నిలబడి ఆ మైకులోనే చెప్పి ఉండాల్సింది. శాలువా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. రెండప్ప అన్ని లైన్లూ అయిపోయేదాకా, కుర్చీలు ఎత్తేదాకా, షామియానా విప్పేదాకా అక్కడే ఉన్నాడు.

అమ్మకు ఇంటికి రాగానే చెప్పాను. అమ్మ పొయ్యి మీద గిన్నె దించి పెట్టింది. ఆ తర్వాత, “దినామూ పోయి నీకు సీటు పట్టిచ్చినాడు గదే ఆయప్ప,” అంది. అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి రోజు సంఘం పెద్ద దగ్గరకు పోయాను. ఆయన తలుపు దగ్గరగా వేసి మరీ విన్నాడు. “ఈ మాట బైట అనొద్దమ్మా,” అన్నాడు. “లిస్టులో తప్పుండాదని తెలిస్తే అందరి కాగితాలూ నిలిపేస్తారు. ఒకాయన కోసరం అందరి కడుపు కొడతావా? రెండును మెల్లగా ఆఫీసుకు పంపిస్తాము, నేను చూసుకుంటా.” నాకు అప్పటికి ఉద్యోగం ఖాయమైంది, చివరి సెమిస్టర్ ఫలితాలు రావాల్సి ఉంది. నా ప్రాజెక్టు తప్పు అని నా చేత్తోనే రాసిస్తే కాలేజీలో ఏమంటారో అని భయం. నేను చూసుకుంటా అని ఒక పెద్దమనిషి అన్నాడు కదా అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఆయన ఏమీ చూసుకోలేదు. చూసుకోడని నాకు తెలుసు.

రెండప్ప ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఒకసారి నేనూ పోయాను. కిటికీ వెనక గుమాస్తా ఆయన ఆధార్ కార్డు చూసి, జాబితాలో పేరు వెతికి, కన్నడంలో “నిమ్మ హెసరిగె కొట్టాగిదె” అన్నాడు. నీ పేరున ఇచ్చేశాం అని. రెండప్ప తన గని టోకెన్ తీసి చూపించాడు. ఇత్తడి బిళ్ళ, పేరు పక్కన రెండు అని కొట్టి ఉంది. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, ఈ అంకె జాబితాలో లేదు కదా అన్నాడు. న్యాయమే. జాబితాలో లేదు. అప్పుడైనా నోరు తెరవవచ్చు. కిటికీ ముందు నా వెనక పదిమంది ఉన్నారు, నా మెడలో కొత్త ఉద్యోగం ఐడీ కార్డు ఉంది. పక్కకు జరిగి వాళ్ళకు దారిచ్చాను.

ఫలితాలు వచ్చాక, ప్రాజెక్టుకు మార్కులు పడ్డాక, నేను ఆఫీసుకు ఉత్తరం రాశాను. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరిదో వివరంగా రాశాను. జాబితా ముగిసింది, మళ్ళీ తెరిచినప్పుడు చూస్తాం అని జవాబు వచ్చింది. జాబితాలో లేని ఇళ్ళను అప్పటికే ఖాళీ ఇళ్ళ కింద రాసుకున్నారు. రెండప్ప ఇంటికి, ఆయన లోపల అన్నం వండుకుంటుండగా, ఖాళీ ఇల్లు అని నోటీసు అంటించి పోయారు. ప్రోగ్రామ్‌ను మాత్రం నేను ఒక పూటలో సరిచేశాను. రెండు వాక్యాలు మార్చాల్సి వచ్చింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఆయన బైరకూరు అనే పల్లెలో ఉన్న అక్క దగ్గరకు వెళ్ళిపోయాడు. వాళ్ళకు పట్టుపురుగుల షెడ్డు ఉంది, ఆకు కోసిపెట్టే మనిషి కావాలట. దగ్గే మనిషి ఆకు ఎంత కోస్తాడో అందరికీ తెలుసు. ఆ రోజు నా ఉద్యోగానికి సెలవు పెట్టి బస్టాండుకు నేనే వెంట పోయాను. సామానంటే ఒక ట్రంకు పెట్టె, ఒక సంచి. బస్సు ఇంకా రాలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని చెప్పేశాను. లిస్టు చేసింది నేనే కదా, నీ పేరు పక్కన రెండు తీసేసింది నేనే, అందుకే నువ్వూ చివరింటాయనా ఒకరే అయిపోయారు అన్నాను.

ఆయన కోప్పడలేదు. జేబులోంచి టోకెన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

“ఇది కొట్టించిన గుమాస్తా ఎనిమిదో క్లాసు గూడా పాసు కాలేదమ్మా. అయినా ఒగ దినం గూడా మా ఇద్దర్నీ కలపలేదు. షిఫ్టు దిగినాక ఎవురు పైకొచ్చినారు, ఎవురు లోపలే నిలిచిపోయినారు తెలియాల గదా వానికి. అంకె ఎందుకు తీసినావు?”

“కంప్యూటర్లో పేర్లలో అంకెలు ఉండకూడదప్పా,” అన్నాను. ఆ క్షణంలో కూడా అబద్ధమే చెప్పాను. కంప్యూటర్‌కు అంకెలతో ఏ గొడవా లేదు.

రెండప్ప నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. నేను తల దించుకున్నాను.

“ఇంత బిడ్డగా ఉన్నప్పుడు కాడ్నుంచీ రెండప్పా, రెండప్పా అని నా సుట్టూ తిరిగినావు. అప్పుడు రాని సిగ్గు సదువుకున్నాక వచ్చిందా అమ్మా?”

బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ తలుపు వైపు పోయారు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి ఒక సీటు మీద వేశాడు. ఈసారి అది తన కోసం.